అమ్మ వయసు వాళ్లకి సాయంత్రం క్లాసా, ఓపెన్ టెన్తా: ఏది మేలు?

నలభై దాటిన ఆడమనిషి ఇప్పుడు చదువు మొదలుపెడతానంటే మా చిత్తూరు పల్లెల్లో అందరూ చెప్పే మాట ఒకటే, ఓపెన్ టెన్త్ కట్టెయ్, సర్టిఫికెట్ ఎందుకైనా పనికొస్తుంది అని. నేనైతే ముందు పాల సెంటర్ చీటీ చేతికిచ్చి చదవమంటాను. లీటర్లు, ఫ్యాట్, ఎస్‌ఎన్‌ఎఫ్ (పాలల్లో వెన్న కాక మిగిలిన ఘనపదార్థం), రేటు, మొత్తం. ఇవన్నీ చదివి, లీటర్లని రేటుతో హెచ్చవేసి, రావాల్సిన డబ్బు ఇదేనా కాదా అని చెప్పగలిగితే ఓపెన్ టెన్తే కట్టొచ్చు. తడబడితే మాత్రం పెద్దవాళ్లకి అక్షరాలు నేర్పే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం ఉల్లాస్ సాయంత్రం క్లాసే మేలు.

ఓపెన్ టెన్త్‌ని తక్కువ చేయడం లేదు. పెద్ద వయసు అడ్డు కాదు, పని మానక్కర్లేదు, సబ్జెక్టులు కొన్ని కొన్నిగా రాసుకోవచ్చు. ఏడో ఎనిమిదో చదివి పెళ్లితో ఆగిపోయిన అమ్మాయికి ఇంతకన్నా మంచి దారి నాకు కనిపించదు. కానీ అక్షరాలు కూడబలుక్కునే మనిషికి గైడు బట్టీ, పరీక్ష టెన్షన్ తప్ప ఏం మిగులుతుంది?

ఉల్లాస్ క్లాసు ఆవిడ కోసమే. 2022లో మొదలైంది, 2027 వరకు ఉంది, 15 ఏళ్లు దాటినవాళ్లకి. చివర్లో చదవడం, రాయడం, లెక్కలు ఒక్కోటి 50 మార్కుల చొప్పున పరీక్ష. 2020 జాతీయ విద్యా విధానం వయోజనుల్లో కూడా నూరు శాతం అక్షరాస్యత కావాలంది, 2011 జనాభా లెక్కల్లో 15 ఏళ్లు దాటి చదువురానివాళ్లు 25.76 కోట్ల మంది. పిల్లల బడులు ఎన్ని బాగుచేసినా వీళ్లు ఆ లెక్కలోకి రారు. నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరగబడ్డ ఆడవాళ్లకి ఆ తెగువ అక్షరాస్యత క్లాసుల్లోనే వచ్చింది, 1993లో సారా నిషేధం దాకా వెళ్లింది. అప్పుడు వాళ్లనెవరూ సర్టిఫికెట్ అడగలేదు.

క్లాసుకీ లోపాలున్నాయి. చెప్పే వాలంటీర్లకి జీతం లేదు, తోతాపురి మామిడి కోతలు మొదలైతే సాయంత్రానికి అందరూ అలిసిపోయి ఉంటారు, పరీక్ష అయ్యాక పుస్తకం ముట్టకపోతే నేర్చుకున్నదీ పోతుంది. అందుకే మా పక్క క్లాసులు నవంబరులో మొదలుపెట్టి కోతలకి ముందే పరీక్ష పెట్టాలి, పాసైనవాళ్లలో చురుగ్గా ఉన్నవాళ్లని ఆ వాలంటీరే ఓపెన్ స్కూల్ అడ్మిషన్‌కి వెంటబెట్టుకుని వెళ్లాలి.