లినక్స్‌లో డిలీట్ చేసిన ఫైళ్లను ఎక్కడ వెతకాలి: ట్రాష్ విండోలోనా, ఫోల్డర్‌లోనా, టెర్మినల్‌లోనా?

లినక్స్ డెస్క్‌టాప్‌లో డిలీట్ మీట నొక్కి తొలగించిన ఫైలు వెంటనే చెరిగిపోదు. హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే ‘.లోకల్’ అనే దాగిన ఫోల్డర్, దాని లోపల ‘షేర్’, ఆ లోపల ‘ట్రాష్’: ఫైలు చేరేది అక్కడికే. లినక్స్‌లో వాడే గ్నోమ్, కేడీఈ, ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్‌లు మూడూ, వాటికి ఉమ్మడి నియమాలు రాసే ఫ్రీడెస్క్‌టాప్ వారి ఒకే నిర్దేశాన్ని పాటిస్తాయి కనుక మూడింటిలోనూ చిరునామా ఇదే.

పోయినదాన్ని వెనక్కి తెచ్చుకోవడమే పని అయితే ఫైల్ మేనేజర్‌లోని ట్రాష్ విండోయే మేలు. కుడి క్లిక్ చేసి రీస్టోర్ ఎంచుకుంటే ఫైలు పాత చోటికే వెళుతుంది. పైగా పెన్‌డ్రైవ్‌లో తొలగించినవి సాధారణంగా హోమ్ ట్రాష్‌లోకి రావు. ఆ డ్రైవ్ మీదనే ‘.ట్రాష్-1000’ వంటి పేరుతో ఒక ఫోల్డర్ ఏర్పడి, వాటిని దాచుకుంటుంది. ఆ 1000 అనేది ఉబుంటు, ఫెడోరా వంటి వాటిలో మొదటి వినియోగదారుకు ఇచ్చే సంఖ్య. డ్రైవ్ తగిలించి ఉంటే విండో వాటిని కూడా కలిపి చూపుతుంది. పెన్‌డ్రైవ్‌లో అన్నీ తుడిచేసినా ఖాళీ పెరగలేదేమని తల పట్టుకునేవారు ముందుగా చూడవలసింది ఇక్కడే.

నేరుగా ఫోల్డర్‌లోకి దిగడం చూడటానికి మంచిది, చేయి పెట్టడానికి కాదు. కంట్రోల్, హెచ్ మీటలు కలిపి నొక్కితే దాగినవి కనిపిస్తాయి. ట్రాష్ లోపల ‘ఫైల్స్’, ‘ఇన్ఫో’ అని రెండు ఫోల్డర్లు ఉంటాయి. అసలు ఫైలు మొదటి దానిలో, అది ఎక్కడి నుంచి ఎప్పుడు వచ్చిందో చెప్పే చిన్న చీటీ రెండో దానిలో ఉంటాయి. ‘జాబితా’ అని పేరు పెట్టిన ఫైలును తొలగించి ఆ చీటీని తెరిస్తే, ఆరు యూనికోడ్ గుర్తుల ఆ పేరు శాతం గుర్తులతో నిండిన 54 అక్షరాల బారుగా కనిపించింది. తెలుగు పేర్లతో ఫైళ్లు దాచుకునేవారు అది చూసి ఫైలు పాడైందని కంగారుపడనక్కరలేదు. ఒకే పేరున్న రెండు ఫైళ్లను తొలగిస్తే రెండో దాని పేరుకు అంకె చేరుతుంది కాబట్టి, ఏది ఎక్కడిదో చీటీ చూడనిదే తేలదు. ఫైలును చేత్తో బయటికి లాగితే చీటీ మాత్రం అనాథలా అక్కడే మిగిలిపోతుంది. అయినా డిస్క్ ఎందుకు నిండిందో ఆరా తీసేటప్పుడు ఈ దారి తప్పదు: స్నాప్ అనే విడి ప్యాకేజీ రూపంలో పెట్టుకున్న కొన్ని ప్రోగ్రాములలో తొలగించినవి ‘స్నాప్’ ఫోల్డర్ లోపలి వేరే ట్రాష్‌లో చేరి, విండోకు అందకుండా పోతాయి.

ఆదేశాలు టైపు చేసే టెర్మినల్‌లో రోజంతా గడిపేవారికి, ట్రాష్‌ను అక్కడి నుంచే నడిపే ట్రాష్-సీఎల్ఐ అనే ప్రోగ్రాము నచ్చుతుంది. ‘ట్రాష్-లిస్ట్’ తేదీతో, పాత చిరునామాతో సహా జాబితా ఇస్తుంది. ‘ట్రాష్-ఎంప్టీ 30’ అంటే 30 రోజులు దాటినవి మాత్రమే పోతాయి. ‘ట్రాష్-రీస్టోర్’ మామూలుగా మనం నిలబడిన ఫోల్డర్ నుంచి పోయినవే చూపుతుందని మరవకూడదు.

షిఫ్ట్‌తో కలిపి డిలీట్ నొక్కినా, ‘ఆర్‌ఎం’ ఆదేశంతో తీసేసినా ఈ మూడింటిలో ఏదీ పనికిరాదు; బ్యాకప్ ఉంటేనే ఆశ. ఆ భయంతో ‘ఆర్‌ఎం’ అన్న పేరునే, ఫైలును ట్రాష్‌లోకి పంపే ‘ట్రాష్-పుట్’ ఆదేశానికి తగిలించుకోవాలని అనిపిస్తుంది గానీ, ట్రాష్-సీఎల్ఐ రూపకర్తలే అది వద్దంటారు: రెండూ ఒకేలా కనిపించినా వాటి పనితీరు వేరు. పైగా ఆ ఏర్పాటు లేని మరో కంప్యూటర్ ముందు కూర్చున్నప్పుడు కూడా వేళ్లు అలవాటుగా ‘ఆర్‌ఎం’ అనే కొడతాయి.