నిద్ర కోసం ఏది మేలు: జీన్ టెస్టా, సాయంత్రం చాయ్ బంద్ చేసి చూడడమా?

హన్మకొండలో రూములు తీసుకుని గ్రూప్స్‌కు చదువుతున్నవాళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఇది: "మా రూమ్మేట్ రాత్రి తొమ్మిదింటికి చాయ్ తాగి కూడా హాయిగా పడుకుంటాడు. నాకు ఐదింటికి తాగినా నిద్ర పట్టదు. జీన్ టెస్ట్ చేయించుకోనా, సాయంత్రం చాయ్ మానేసి చూడనా?"

మనిషికీ మనిషికీ తేడా ఉన్న మాట నిజమే. చాయ్, కాఫీల్లో ఉండే కెఫీన్‌ను చాలావరకు లివర్‌లోని సీవైపీ1ఏ2 అనే ఎంజైమ్ కరిగిస్తుంది. జీన్‌ను బట్టి కొందరిలో ఈ పని త్వరగా, కొందరిలో మెల్లగా సాగుతుంది. సాయంత్రం 6కు 100 మిల్లీగ్రాముల కెఫీన్ ఉన్న కాఫీ తాగారనుకుందాం. అందులో సగం కరగడానికి 3 గంటలు పట్టేవాళ్లలో రాత్రి 11కు 30 మిల్లీగ్రాములు మిగులుతుంది. 9 గంటలు పట్టేవాళ్లలో 70 దాకా ఉంటుంది.

కానీ నిద్ర సంగతి లివర్ దగ్గరే తేలదు. మెలకువగా ఉన్నకొద్దీ మెదడులో అడినోసిన్ అనే రసాయనం పోగై నిద్ర తెప్పిస్తుంది. అది పట్టుకోవాల్సిన రిసెప్టర్లను, అంటే మెదడు కణాలపై దాన్ని అందుకునే చోట్లను, కెఫీన్ ముందే ఆక్రమిస్తుంది. ఆ రిసెప్టర్ తాలూకు ఏడీఓఆర్ఏ2ఏ జీన్‌లోనూ రకాలున్నాయి. కాఫీతో నిద్ర చెడేవాళ్లకూ, చెడనివాళ్లకూ మధ్య ఈ జీన్‌లో తేడా ఉందని 2007లో జ్యూరిక్ పరిశోధకులు చూపారు. కాబట్టి సీవైపీ1ఏ2 ఒక్కటే చూసిన రిపోర్టు సగం మాటే చెప్తుంది.

నా దృష్టిలో అసలు విషయం మరొకటుంది. జీన్ మారదు, కెఫీన్ కరిగే వేగం మాత్రం మారుతుంది. సిగరెట్ దాన్ని పెంచుతుంది. గర్భం, గర్భనిరోధక మాత్రలు, సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయోటిక్ తగ్గిస్తాయి. "ఫాస్ట్" అని రిపోర్టు వచ్చినవాళ్లకు కూడా గర్భంతో ఉన్నప్పుడు ఆ మాట వర్తించదు. అందుకే నేను మానేసి చూడడానికే మొగ్గుతాను.

పొద్దున చాయ్ ఉంచుకోండి. మధ్యాహ్నం రెండు తర్వాత రెండు వారాలు బంద్ చేయండి. మొదట్లో తలనొప్పి రావచ్చు, ఆ రోజులను లెక్కలోకి తీసుకోవద్దు. ఎంత త్వరగా నిద్ర పట్టిందన్నది ఒక్కటే చూస్తే చాలదు, పగలు కునుకు వస్తోందా అన్నదీ రాసుకోండి. ఎందుకంటే త్వరగా నిద్ర పట్టినా మొత్తం నిద్ర తగ్గి ఉండొచ్చు: పడుకోవడానికి 6 గంటల ముందు తీసుకున్న 400 మిల్లీగ్రాముల కెఫీన్ గంటకు పైగా నిద్రను తగ్గించిందని 2013లో ఒక పరిశోధనలో తేలింది. హాయిగా పడుకునే రూమ్మేట్ కూడా ఒకసారి ఇలా చూసుకోవడం మంచిది.

గ్రీన్ టీలోనూ కెఫీన్ ఉంటుంది. డీకాఫ్‌లో (కెఫీన్ తీసేసిన కాఫీలో) చాలా తక్కువ, రుచి నచ్చితే తాగొచ్చు.

రెండు వారాల తర్వాతా మార్పు లేకపోతే కెఫీన్‌ను అనుమానించడం ఆపి, గురక, పరీక్షల టెన్షన్ గురించి డాక్టర్‌తో మాట్లాడండి.