రూపకాలంకారం చెప్పాలంటే లక్షణం (నిర్వచనం) ముందా, వీధిమాట ముందా? ఏది మేలు?

తొమ్మిది, పది చదివే పిల్లలకి రూపకం చెప్పడానికి రెండు పద్ధతులు. ఒకటి మనందరం చదువుకున్నదే, ఉపమేయానికీ (పోల్చేదానికీ) ఉపమానానికీ (దేనితో పోలుస్తామో దానికీ) అభేదం, అంటే రెండూ ఒకటే అని చెబితే రూపకం అని బట్టీ పట్టించి 'లతాలలనలు రాజుపై కుసుమాక్షతలు చల్లారు' అని రాయించేయడం. రెండోది ఇంట్లో, ఆటోలో, బజార్లో వినపడే మాటలు ఏరుకు రమ్మనడం.

మొదటిది తీసిపారేసేదేం కాదండి, పరీక్షలో అలంకారం గుర్తించమంటే మార్కు పడేది దాంతోనే, వలె, లాగా కనపడితే ఉపమ అనుకోమంటే తేడా కూడా టక్కున పట్టేస్తారు. కానీ లలన అంటే ఆడమనిషిరా అని చెప్పేసరికే సగం పీరియడ్ అయిపోద్ది, పైగా రూపకం అంటే కవులు వాడే సరుకు, మనకి సంబంధం లేదనుకుంటారు.

రెండోదాని మజా వేరు. గుంటూరులో మిర్చి యార్డుకి పోయొచ్చేవాళ్ళ పిల్లలు క్లాసుకి ఒకళ్ళిద్దరన్నా ఉంటారు గదా, ఇంట్లో ఏమంటారో చెప్పమనండి. తేజ (ఒక రకం మిర్చి) రేటు పడింది, మళ్ళీ లేచింది, మార్కెట్ చల్లబడింది, సరుకు కదలట్లేదు అంటారు. రేటుకి కాళ్ళున్నాయా పడి లేవడానికి అని అడిగితే క్లాసంతా నవ్వుద్ది, అప్పుడు ఎక్కువైతే పైకి, తక్కువైతే కిందకి అని ఎందుకంటాం, జ్వరానికీ మార్కులకీ కూడా అంతేగా అని లాగొచ్చు. 1980లో జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ అనే ఇద్దరు చెప్పింది ఇదే, రూపకం మాటకి పెట్టిన నగ కాదు, మనం ఆలోచించే తీరే అది అని. కోపం సంగతి చూడండి, ఉడికిపోయాడు, మండిపడ్డాడు, కుతకుతలాడాడు, చివరికి చల్లబడ్డాడు, అన్నీ ఒకే పొయ్యి మీదవి. తిండివైతే లెక్కే లేదు, తిట్లు తిన్నాడు, బుర్ర తినేశాడు, లంచం మింగాడు, చదువు ఒంటబట్టలా, ఆ మాట జీర్ణం కాలా. ఇలా ఒక వరసలో పేర్చమంటే వెనక బెంచీ వాళ్ళే ఎక్కువ తెస్తారు (సామెతలు కూడా మోసుకొస్తారు, అవి పక్కన పెట్టించాలి).

చిక్కల్లా ఒకటే. మన అలంకారశాస్త్రం లెక్కన 'రేటు పడింది' రూపకం కాదు, ఉపమేయం ఉపమానం రెండూ పక్కపక్కన లేవు గదా, అది లక్షణార్థం (మాటకి అసలు అర్థం కాకుండా దానికి సంబంధించిన వేరే అర్థం) కిందకి పోద్ది. పిల్లాడు పరీక్షలో రూపకానికి ఉదాహరణగా ఇదే రాస్తే దిద్దేవాళ్ళు సున్నా పెడతారు, వాళ్ళని అనడానికీ లేదు. అందుకని ఇంగ్లీషు పుస్తకాల్లో మెటఫర్ అనేది పెద్ద గొడుగు, మన రూపకం దాని కింద ఒక్కటి మాత్రమే అని మొదట్లోనే చెప్పేయాలి.

నా ఓటు వీధిమాటకే. ముందు అవి ఏరించి, తర్వాత 'సంసార సాగరం' లాంటిదొకటి బోర్డు మీద రాసి, ఇందులో రెండూ కనపడుతున్నాయి చూడండి అంటే లక్షణం వాళ్ళే చెప్పేస్తారు. పబ్లిక్ పరీక్షలు నెత్తిమీదుంటే మాత్రం లక్షణంతోనే మొదలెట్టండి. ఆరో క్లాసు వాళ్ళకైతే ఆ ఉపమేయం, ఉపమానం గొడవే వద్దు, పొయ్యి మాటలు ఏరుకోనివ్వండి చాలు.