నాయనమ్మ తెల్ల జుట్టు నీలమైన రోజు: సయనోటైప్ వర్క్‌షాప్ అనుభవం

నేను బీఎఫ్ఏ పెయింటింగ్ రెండో సంవత్సరం. సయనోటైప్ అంటే మందు పూసిన కాగితం మీద ఎండతో నీలం రంగు బొమ్మ అచ్చు వేసే పాత ఫొటో పద్ధతి. హైదరాబాద్ తార్నాకలో ఒక ఇంటి మేడ మీద నడిపే ఈ రెండు రోజుల వర్క్‌షాప్‌కి ఏప్రిల్‌లో 2,800 రూపాయలు కట్టి వెళ్లాను.

మొదటి రోజు కంప్యూటర్ ముట్టుకోలేదు. ఫెర్రిక్ అమ్మోనియం సిట్రేట్, పొటాషియం ఫెర్రిసయనైడ్ ద్రావణాలు సమానంగా కలిపి, మసక వెలుతురు గదిలో కుంచెతో కాగితానికి పూసి ఆరబెట్టాం. పేరులో సయనైడ్ ఉందని అమ్మ ముందురోజే టెన్షన్ పడింది. గాఢమైన యాసిడ్‌కీ మంటకీ దూరంగా ఉంచితే భయం లేదని, నేర్పే మేడమ్ మొదటే చెప్పి గ్లౌజులు ఇచ్చారు. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన పద్ధతి ఇది. మరుసటి ఏడాదే అన్నా అట్కిన్స్ దీంతో సముద్రపు నాచును అచ్చు వేసింది. మాకు దొరికింది మునగాకు. దాన్ని ఆ కాగితం మీద పరిచి, పైన గాజు పలక పెట్టి ఎండలో 4 నిమిషాలు ఉంచి నీళ్లలో వేస్తే, పసుపంతా కారిపోయి నీలం తేలింది. ఒక్కో రెబ్బా విడిగా, తెల్లగా! ఎన్నిసార్లు చేసినా తనివి తీరలేదు.

రెండో రోజు డిజిటల్ నెగటివ్. మా నాయనమ్మ గడప మీద కూర్చున్న పాత ఫొటో ఫోన్‌లో తీసుకెళ్లాను. దాన్ని నలుపు తెలుపు చేసి, ఇన్వర్ట్ చేసి (తెలుపు నలుపుగా, నలుపు తెలుపుగా మార్చి), ఓహెచ్‌పీ షీట్ అనే పారదర్శక ప్లాస్టిక్ షీట్ మీద ప్రింట్ తీయాలి. ఆ షీటే నెగటివ్. ఫొటోలో వెలుగునీడలు సరిచేసే కర్వ్స్ అనే టూల్ అంటే ఇన్నాళ్లూ తెర మీద ఫొటో బాగా కనపడేదాకా గీతను అటూ ఇటూ లాగడమే అనుకున్నాను. కాగితం మీద ఈ నీలం ఎక్కడ ముద్దకడుతుందో, ఎక్కడ పలచబడుతుందో చూసి, దానికి తగ్గట్టు గీతను వంచాలని మేడమ్ నా పక్కన కూర్చుని మూడు సార్లు చూపించారు. కాలేజీ ల్యాబ్‌లో ఏడాది పాటు అర్థం కానిది ఆ గంటలో అర్థమైంది.

ఇక లోపం. నెగటివ్‌లన్నీ జిరాక్స్ షాపులో లేజర్ ప్రింట్ తీయించి తలా ఒకటి ఇచ్చారు. ఆ నలుపు పలచన, ఎండ దాన్ని దాటి పోయింది. నాయనమ్మ తెల్ల జుట్టు కూడా నీలంగా వచ్చింది. చూసి ఏడుపొచ్చింది. రెండు షీట్లు ఒకదాని మీద ఒకటి సరిగ్గా పేరిస్తే సరిపోతుందట. రెండోది తెచ్చుకోవడానికి నేనే షాపుకి పరిగెత్తాను, ఈలోగా ఎండ వాలిపోయింది. ఫీజు తీసుకున్నవాళ్లు ఇది ముందే చూసుకోవాలి.

ఇంకొకటి కూడా చెప్పలేదు. ఇంటికొచ్చి మా బోరు నీళ్లలో ఎక్కువసేపు కడిగితే నీలం వెలిసిపోయింది. క్షారం ఈ రంగుకి పడదు. ఇప్పుడు మంజీరా కుళాయి నీళ్లు పట్టుకుని, రెండు చుక్కల వెనిగర్ వేసి కడుగుతున్నాను.

మూడో ప్రయత్నంలో జుట్టు తెల్లగా, చీర అంచు ముదురు నీలంగా, కళ్ల కింద ముడతలతో సహా వచ్చింది. నాన్న దాన్ని చాలాసేపు పట్టుకుని కూర్చున్నారు. జూన్ బ్యాచ్‌లో టీ డికాక్షన్‌తో నీలాన్ని ముదురు గోధుమ రంగుకి తిప్పడం నేర్పుతారట. అడ్వాన్స్ కట్టేశాను, షీట్లు మాత్రం నేనే తీసుకెళ్తాను.