ఉతికి వాడే ఎయిర్ ఫిల్టర్: ఆరేళ్లు వాడాక

ఈ కాటన్ ఫిల్టర్ బండికి వేసి ఆరేళ్లయింది. ఆ తర్వాత బండి 60,000 కిలోమీటర్లు దాటింది. ఇప్పటికి తొమ్మిదిసార్లు ఉతికాను, అందులో మొదటి రెండుసార్లు చెడగొట్టాను. అందుకే ఇందులో ఫిల్టర్ గురించి ఎంత ఉంటుందో, నా చేతి పొరపాట్ల గురించీ అంతే ఉంటుంది.

ముందు అందరూ అడిగేది చెప్పేస్తాను. పికప్ పెరిగిందా? నాకైతే తెలియలేదు. యాక్సిలరేటర్ గట్టిగా తిప్పినప్పుడు గాలి పీల్చే చప్పుడు కాస్త లావుగా వినిపిస్తుంది, దాన్నే చాలామంది పవర్ అనుకుంటారు. మైలేజీ కూడా అంతే ఉంది. నేను ఫిల్టర్ కూర్చునే డబ్బాని, అంటే కంపెనీ ఎయిర్ బాక్స్‌ని, అలాగే ఉంచి, పాత పేపర్ ఫిల్టర్ స్థానంలో దీన్ని పెట్టానంతే. బాక్స్ మొత్తం తీసేసి గొట్టానికి నేరుగా కోన్ ఆకారపు ఫిల్టర్ బిగిస్తే అది వేరే కథ. కార్బ్యురేటర్ బండి అయితే గాలి ఎక్కువై, జెట్లు (పెట్రోల్ వచ్చే సన్నరంధ్రాల ముక్కలు) మార్చాల్సి వస్తుంది.

అసలు విషయం నూనె. పేపర్ ఫిల్టర్‌లో సందులు చాలా సన్నవి, దుమ్మును కాగితమే ఆపుతుంది. కాటన్ ఫిల్టర్‌లో అల్యూమినియం జాలీల మధ్య కొన్ని పొరల నూలుగుడ్డను మడతలు మడతలుగా పెడతారు. ఆ నేతలో సందులు పెద్దవి. దుమ్ము అంటుకునేది దారాలకు పట్టించిన ఎర్రటి ఫిల్టర్ ఆయిల్ జిడ్డుకి. నూనె లేకుండా దీన్ని బండికి పెడితే దోమలు రాకుండా చేపల వల కట్టినట్టే.

ఇది తెలిశాక నేను చేసిన మొదటి తెలివితక్కువ పని, నూనె ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకోవడం. మొదటిసారి ఉతికాక మడతలన్నీ తడిసి కారేదాకా పోసి, వెంటనే బిగించేశాను. మర్నాడు స్టార్ట్ అయితే అయింది కానీ, మెల్లగా పోతుంటే బండి దగ్గుతూ ఆగిపోతోంది. విప్పి చూస్తే ఎయిర్ బాక్స్ అడుగున ఎర్రగా నూనె మడుగు. నేతలో సందులన్నీ నూనెతోనే మూసుకుపోయి గాలికి దారి లేదు. ఫిల్టర్ తీసి రాత్రంతా పాత గుడ్డ మీద నిలబెట్టి, బాక్స్ తుడిచి, ఇంజిన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్ బాడీ కూడా శుభ్రం చేసుకోవాల్సి వచ్చింది.

రెండోసారి ఆరకముందే తొందరపడ్డాను. పైకి ఆరినట్టే ఉంది, మడతల మొదట్లో తడి ఉండిపోయింది. తడి గుడ్డ నూనె పీల్చుకోదు. ఒకచోట ముదురు ఎరుపు, పక్కనే తెల్లటి మచ్చలు. మళ్లీ మొదటి నుంచి ఉతుక్కున్నాను.

ఇప్పుడు నా పద్ధతి ఇదీ. ఫిల్టర్ తీయగానే ఇంజిన్ వైపు గొట్టం నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కుతాను, విప్పేటప్పుడు రాలే దుమ్ము లోపలికి పోకుండా. (ఆ గుడ్డ తీయడం మర్చిపోకండి. ఒకసారి సీటు కూడా బిగించాక గుర్తొచ్చింది.) ఫిల్టర్‌ను మెల్లగా తట్టి, మెత్తటి బ్రష్‌తో పైదుమ్ము దులిపి, ఫిల్టర్ క్లీనర్ రెండువైపులా కొట్టి పది నిమిషాలు వదిలేస్తాను. క్లీనర్ మీదే ఆరిపోనివ్వకూడదు. తర్వాత కుళాయి సన్నధారతో శుభ్రమైన వైపు (ఇంజిన్ వైపు) నుంచి మురికి వైపుకి నీళ్లు పోస్తాను. తిరగేసి పోస్తే బయట ఆగిన ఇసుకరవ్వను మనమే నేతలోకి తోసినట్టు. మొదట నల్లగా, తర్వాత గులాబీ రంగులో, చివరికి తేటగా నీళ్లు వస్తాయి. పెట్రోల్ వాడను. కంప్రెసర్ గాలి అసలు వద్దు, దగ్గరగా కొడితే దారాలు పక్కకు జరిగి సందు పడుతుంది. హెయిర్ డ్రయర్ కూడా వద్దు, వేడికి నూలు ముడుచుకుంటుంది. నీళ్లు దులిపి నీడలో పెట్టేయడమే, ఒక రోజు పోయినా సరే.

పూర్తిగా ఆరాక ఒక్కో మడత పొడవునా ఒక్కసారి నూనె పోస్తాను. ఇరవై నిమిషాలు ఆగితే నూనె దానంతటదే పాకుతుంది. ఎక్కడ తెల్లగా మిగిలిందో అక్కడ మాత్రం కాస్త అద్దుతాను. ఎరుపు రంగు కలిపేదే ఇలా కంటికి కనబడటానికి. ఇంజిన్ ఆయిల్ చాలదా అని అడుగుతుంటారు. చాలదు. అది జిడ్డుగా నిలవదు, కిందికి జారిపోయి ఇంజిన్ పీల్చుకుంటుంది.

ఇంతా చేసి చాలామంది వదిలేసేది రబ్బరు అంచు. అది సరిగ్గా కూర్చోకపోతే గాలి ఫిల్టర్‌ను తప్పించుకుని పక్కసందులోంచి పోతుంది. ఐదో ఉతుకుడు తర్వాత నాకు ఇదే అయింది. గొట్టం లోపల తెల్లగుడ్డతో తుడిస్తే ఒకవైపు మాత్రం మట్టిచార పడింది, వేళ్ల మధ్య నలిపితే గరగరలాడింది. ఫిల్టర్ గుడ్డలో లోపమేమో అని దాన్ని వెలుతురుకు పట్టి చూశాను, ఎక్కడా చిల్లు లేదు. అంచు ఒక మూల మడతపడి ఉంది, అంతే. అప్పటినుంచి అంచుకి సన్నగా గ్రీజు రాసి, చుట్టూ వేలితో నొక్కి చూసి మూత వేస్తున్నాను. ప్రతిసారీ ఆ తెల్లగుడ్డ పరీక్ష చేస్తాను.

ఊరికే ఉతకడం కూడా తప్పే. కాస్త దుమ్ము పట్టిన ఫిల్టర్ కొత్తదానికన్నా బాగా వడకడుతుంది. పైన జాలీ తీగలు ఇంకా అంతటా కనబడుతుంటే రంగు ఎంత మాసినా నేను ముట్టను. మట్టిదారుల్లో ఎక్కువ తిరిగితే కిలోమీటర్లు లెక్కపెట్టకుండా విప్పి చూసుకోవాలి.

ఫోమ్ (స్పాంజ్) ఫిల్టర్ ఉన్నవాళ్లకి ఒక్క మాట: ఉతికాక పిండండి గానీ మెలిపెట్టకండి, అతుకులు ఊడతాయి.

దుమ్ము ఎక్కువ, ఓపిక తక్కువ అయితే పేపర్ ఫిల్టరే కొనుక్కోండి. అది దుమ్మును బాగా పట్టడమే కాదు, మార్చడం ఐదు నిమిషాల పని. నాకు మాత్రం దీన్ని మార్చాలనిపించలేదు, గుడ్డ ఇంకా గట్టిగానే ఉంది.

ఇది రాస్తుండగా తొమ్మిదోసారి ఉతికిన ఫిల్టర్ నీడలో ఆరుతోంది. ఇందాక వేలు పెట్టి చూస్తే మడతల మొదట్లో ఇంకా చల్లగా తగిలింది. సాయంత్రం బయటికెళ్లే పనుంది. బస్సెక్కుతాను.