షెల్ అకౌంటా, టీసీపీనా?

తొంభైల నాటి ఇంటర్నెట్ మాట ఎత్తితే చాలు, ఎవరో ఒకరు ఇదే అడుగుతారు: "డబ్బుకు లోటు లేకపోతే మీరు ఏది తీసుకునేవారు, షెల్ అకౌంటా, టీసీపీ/ఐపీనా?" షెల్ అంటే ఫోన్ లైను మీద అవతలి కంప్యూటర్‌లోకి వెళ్లి అక్షరాలతోనే పని చేయడం. టీసీపీ/ఐపీ అంటే మన కంప్యూటరే నేరుగా ఇంటర్నెట్‌కి కలవడం. మొన్న మా మేనల్లుడూ అడిగాడు. షెల్ అన్నాను. నమ్మలేదు.

1995 ఆగస్టు 15న ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్ఎన్ఎల్ మామూలు జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు సగం తీర్పు ధరలే చెప్పేశాయి. సొంతానికి టీసీపీ అకౌంట్ 250 గంటలకు 15,000 రూపాయలు, అంటే గంటకు 60. ఫోన్ బిల్లు వేరే. షెల్ 5,000. విద్యార్థులకైతే షెల్ ఏడాదికి 500 మాత్రమే, నాకు దొరికింది అదే. కాబట్టి నా మొగ్గు ఎటో ముందే చెప్పేస్తున్నాను.

టీసీపీ ఉంటే నెట్‌స్కేప్ అనే బ్రౌజర్‌లో బొమ్మలు కనిపిస్తాయి. షెల్‌లో నల్లటి తెర, దాని మీద అక్షరాలు, అంతే. మెయిల్‌కి పైన్ అనే ప్రోగ్రామ్, వెబ్‌కి లింక్స్ అనే అక్షరాల బ్రౌజర్. బొమ్మ ఉండాల్సిన చోట "ఇమేజ్" అన్న మాట కనిపించేది. ఇక్కడే అందరూ టీసీపీ వైపు ఒరుగుతారు. కానీ ఆ బొమ్మలు వచ్చేది 9.6 కేబీపీఎస్ వేగం మీద. సెకనుకు వెయ్యి అక్షరాలు కూడా రావు. 50 కేబీ ఫొటో నిండాలంటే దాదాపు నిమిషం. పైనుంచి గీత గీతగా దిగి, ముఖం దాకా వచ్చేసరికి లైను పోయేది.

అసలు సంగతి ఆ లైనే. మా ఇంట్లో ఫోన్ హాల్లో, కంప్యూటర్‌ని అదే ఫోన్ లైనుకు కలిపే మోడెం నా గదిలో. అమ్మ హాల్లో రిసీవర్ ఎత్తగానే నా తెర మీద వంకర టింకర గుర్తులు పరుచుకునేవి, వెంటనే "నో క్యారియర్", అంటే లైను తెగిందని. "ఇదేంట్రా, ఫోన్ కీచుమంటోంది?" అని అక్కణ్నుంచి కేక. వానాకాలంలోనైతే ఎవరూ ఎత్తకపోయినా తెగేది.

టీసీపీలో ఒక ఎంబీ ఫైలు దించుకుంటున్నారనుకోండి, అది 18 నిమిషాల పని. పదిహేనో నిమిషంలో లైను తెగితే మామూలుగా మళ్లీ మొదటి నుంచే. షెల్‌లో మనం పని చేసేది అవతలి కంప్యూటర్ మీద. అమెరికా నుంచి ఫైలు ముందు అక్కడికి వస్తుంది, అక్కణ్నుంచి జెడ్‌మోడెం అనే ఫైళ్లు పంపే పద్ధతితో ఇంటికి లాక్కుంటాం. తెగినా, ఆగిన చోటి నుంచే అందుకుంటుంది. రాస్తున్న ఉత్తరం కూడా అంతే. మళ్లీ లాగిన్ అయితే, మధ్యలో ఆగిన ఉత్తరం కొనసాగించమంటారా అని పైన్ ప్రోగ్రామే అడిగేది.

టీసీపీకి నిజంగా ఉన్న లాభం ఒకటుంది. యుడోరా అనే మెయిల్ ప్రోగ్రామ్‌లో ఉత్తరాలన్నీ తీరిగ్గా ముందే రాసుకుని, రెండు నిమిషాలు కలిపి పంపేసి, ఫోన్ పెట్టేయొచ్చు. షెల్‌లో రాసినంతసేపూ మీటర్ తిరుగుతూనే ఉంటుంది. ఊళ్లో నోడ్, అంటే డయల్ చేసే కేంద్రం, లేక ఎస్టీడీలో (దూరపు కాల్‌లో) కలిపేవాళ్లకైతే ఇది చిన్న విషయం కాదు. రాత్రి పదకొండు దాటాక పావు ధర అని కాచుకుని కూర్చునేవాళ్లు.

తెలుగు సంగతా? అప్పట్లో తెలుగువాళ్లు మెయిల్‌లో తెలుగు రాసుకున్నది ఎక్కువగా ఇంగ్లిష్ అక్షరాల్లోనే. అమెరికాలోని రైస్ యూనివర్సిటీలో పుట్టిన ఆర్‌టీఎస్ అనే రాత పద్ధతిలో చిన్న టీ అంటే త, పెద్ద టీ అంటే ట. దానికి నల్ల తెర చాలు.

షెల్ మీదే స్లర్ప్ అనే ప్రోగ్రామ్ నడిపి బొమ్మలు చూసే దొంగదారీ ఉండేది. ఓపికున్నవాళ్లకి. విద్యాసంస్థల నెట్‌వర్క్ ఎర్నెట్ అంటారా, మీ కాలేజీలో ఉంటే ఉన్నట్టు. నెట్ సెంటర్లు తర్వాతి కథ.

1998 నవంబరులో ప్రైవేటు కంపెనీలను రానిచ్చాక ధరలు పడ్డాయి, మోడెములు 56 కేబీపీఎస్ దాకా వచ్చాయి. అప్పుడు నేనూ టీసీపీకి మారిపోయాను, అందులో దాపరికమేం లేదు. షెల్‌లోకి చివరిసారి వెళ్లినప్పుడు కూడా పైన్ ఆగిపోయిన ఉత్తరం పూర్తి చేస్తారా అని అడిగింది. ఎన్ నొక్కాను.