వర్డ్ లిస్ట్ బట్టీ పట్టాలా, రూట్స్ నేర్చుకోవాలా?

విదేశాల్లో పీజీ చేయడానికి రాసే జీఆర్ఈ పరీక్షకు ఇంగ్లీషు మాటలు చదివే చాలామందికి వచ్చే సందేహమే ఇది. రూట్ అంటే మాటకు మూలమైన ముక్క. 'గ్రాఫ్', 'గ్రామ్' ఉన్న ఇంగ్లీషు మాటలతో పోల్చి చూద్దాం. రెండింటికీ మూలం 'గ్రాఫీన్' అనే గ్రీకు క్రియ. అంటే రాయడం.

ఖర్చు: రెండూ ఉచితంగానే దొరుకుతాయి.

శ్రమ: లిస్టులో ప్రతి మాటనూ విడిగా గుర్తుపెట్టుకోవాలి. రూట్ తెలిస్తే కాలిగ్రఫీ అందమైన రాత, ఎపిగ్రఫీ శాసనాల అధ్యయనం, సీస్మోగ్రాఫ్ భూకంపాన్ని నమోదు చేసే పరికరం అని వరసగా అల్లుకుపోతాయి. ఇంకో సంగతీ తెలుస్తుంది: 'గ్రాఫ్' తరచుగా పరికరం, 'గ్రామ్' దాంతో వచ్చిన రికార్డు. టెలిగ్రాఫ్, టెలిగ్రామ్ అలాంటివే. ఫొటోగ్రాఫ్ మాత్రం ఈ లెక్కకు లొంగదు.

రిస్క్: లిస్టుతో మరుపు, రూట్‌తో తప్పుడు ఊహ. నా దృష్టిలో రెండోదే ప్రమాదం, ఎందుకంటే తప్పని తెలియకుండానే ముందుకెళ్లిపోతాం. గ్లామర్ అనే మాట స్కాట్లాండులో గ్రామర్ నుంచే పుట్టింది. రూట్ చూసి దాని నేటి అర్థం ఎవరు చెప్పగలరు?

పరీక్షకు నెలే ఉంటే లిస్టు పట్టండి, కానీ ఉదాహరణ వాక్యాలతో సహా చదవండి. ఆరు నెలలుంటే రూట్స్‌తో మొదలుపెట్టి, ప్రతి అర్థాన్నీ నిఘంటువులో సరిచూసుకోండి. మెడిసిన్ చదివేవాళ్లకైతే రూట్సే మేలు: యాంజియోగ్రామ్, మామోగ్రఫీ లాంటి మాటలు రోజూ ఎదురవుతాయి.